దుప్పట్ల మీద ఎముకలు

ఎక్స్‌రే సెంటర్లో పొద్దున పూట పనులు రోజూ ఒకటే. దుప్పట్ల పిన్ని ఉతికినవి మేడ మీద ఆరేస్తుంది. అక్క మిషన్ ఆన్ చేసి, అది వేడెక్కేలోగా టీ తాగేస్తుంది. ఈమధ్య ఇంకో పని కలిసింది: కప్పు కింద పెట్టగానే తమ్ముడికి ఫోన్ చేసి తిట్టడం.

తమ్ముణ్ని అందరూ తీగలాయన అంటారు. ఆఫీసుల్లో, షాపుల్లో నెట్ కనెక్షన్లు బాగుచెయ్యడం అతని పని. ఎంత మొండి కనెక్షనైనా అతనికి పూట పట్టదు. సొంత అక్క దగ్గర మాత్రం వారంగా పరువు పోతోంది.

చిక్కంతా ఒక్క ల్యాప్‌టాప్‌తో. మిషన్ నుంచి బొమ్మ దానికి వైరు మీద వస్తుంది. అక్కణ్నుంచి వైఫైలో పక్క ఊరి డాక్టరు గారికి వెళ్లాలి. వైరు పెడితే వైఫై ఉన్నట్టే ఉంటుంది గానీ ఏదీ వెళ్లదు. వైరు పీకితే అన్నీ వెళ్తాయి గానీ మిషన్ ఆగిపోయి, మళ్లీ తేరుకునేసరికి బెంచీ మీద జనం పెరిగిపోతారు.

పంపిన బొమ్మలు వైఫైకి బదులు వైరు దారి పట్టి, ఎటూ పోలేక, మేడ మీది దుప్పట్ల మీద తేలుతున్నాయి. పిన్నికి అదో గోల.

"సిరా మరకైనా వదులుతుంది గానీ, ఈ ఎముకలు ఓ పట్టాన వదలట్లేదు బాబూ. నిన్న ఎవరిదో నడుము పడ్డ దుప్పటి పరిస్తే ఆ పేషెంటు పడుకోనన్నాడు."

"ఏం, భయపడ్డాడా?"

"భయమా? తన నడుం కంటే అదే బాగుందని కుళ్లుకున్నాడు."

తీగలాయనకి నవ్వు రాలేదు. వైరు మార్చాడు, రౌటర్ మార్చాడు. చివరికి దొంగ దొరికాడు. వైరు సెట్టింగుల్లో, బయటికి దారి చూపించే గేట్‌వే గడిలో మిషన్ అడ్రసు కూర్చుని ఉంది. ల్యాప్‌టాప్ అది నమ్మి అన్నిట్నీ అటే తోస్తోంది. చెరిపేశాడు. రీస్టార్ట్ కాగానే అది మళ్లీ వచ్చి కూర్చుంది. ఇంకోసారి చెరిపాడు. మళ్లీ వచ్చింది. తల ప్రాణం తోకకొచ్చింది.

బయట బెంచీ మీద ఒక ముసలాయన ఆగకుండా దగ్గుతున్నాడు. పక్కన కోడలు వీపు రాస్తోంది.

"ఆయన పొద్దుట్నుంచీ కూర్చున్నాడ్రా. బొమ్మ పంపితేగా డాక్టరు గారు ఏదో ఒకటి చెప్పేది."

"నేనేమన్నా ఆడుకుంటున్నానా అక్కా? ఎవర్నీ నిలబెట్టకుండా ఖాళీ స్టాండుని ఊరికే ఒకటి తీసి పంపు, చూద్దాం."

రెండు చేతులూ కీబోర్డు మీదున్నాయి. లూజుగా ఉన్న వైరు కదలకుండా పళ్ల మధ్య బిగించాడు. అక్క మీట నొక్కింది. తెర మీద ఖాళీ స్టాండే వచ్చింది. పంపితే వెళ్లలేదు. మేడ మీంచి పిన్ని కేకేసింది, ఇంకోటి పడిందని.

అక్క చూసొస్తానని వెళ్లి ఎంతకీ దిగలేదు. అతను చిరాగ్గా పైకెళ్లాడు. ఆమె ఒక దుప్పటి ముందు నిలబడి ఉంది. దాని మీద నిండుగా ఒక ఛాతీ.

"ఇది నీదేరా."

"నాదని ఎలా చెప్తావు?"

"వైరు పళ్లతో పట్టుకుంది నువ్వేగా. పైగా భుజం దగ్గర ఆ వంకర చూడు. చిన్నప్పుడు నిన్ను సైకిల్ మీంచి పడేసింది నేనేగా." ఆమె వేలు కొంచెం కిందికి జరిగి, చొక్కా గుండీ అంత తెల్లటి మచ్చ దగ్గర ఆగింది. "ఇది ఉండకూడదు."

పిన్ని తడి బొటనవేలితో మచ్చని రుద్ది చూసింది. పోలేదు.

"పెద్దాసుపత్రికి వెళ్లు. ఇప్పుడే," అంది అక్క.

"ముందు కింద ఆయన సంగతి తేల్చనీ."

కిందికొచ్చి కూర్చున్నాడు. వారంగా కుతకుతలాడిన కోపం ఎటుపోయిందో పోయింది. చెరిపిన అడ్రసుని మళ్లీ మళ్లీ అందిస్తున్నది మిషనేనని అప్పుడు తట్టింది. దాన్నుంచి ఏదీ తీసుకోవద్దని ల్యాప్‌టాప్‌కి చెప్పి, వైరు అడ్రసు తనే కొట్టి, గేట్‌వే గడి ఖాళీగా వదిలేశాడు. రీస్టార్ట్ చేశాడు. గడి ఖాళీగానే ఉంది.

ముసలాయన బొమ్మ వెళ్లింది. కాసేపటికే డాక్టరు గారు ఫోన్ చేశారు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, మందు వాడితే చాలని. కోడలు ఆయన్ని నెమ్మదిగా లేపి తీసుకెళ్లింది. తీగలాయన దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని బస్సెక్కాడు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ దుప్పటిని కిటికీ వెలుగుకి పట్టి చాలాసేపు చూసింది.

"దగ్గుందా?"

"లేదండీ."

"ఆయాసం, నొప్పి?"

"ఏమీ లేవండీ."

"ఇలాంటి గడ్డలు మా దగ్గరికి బాగా ముదిరాక వస్తాయి. అప్పటికి మేం చెయ్యగలిగేది ఉండదు. దీన్నయితే తీసేయొచ్చు. ఇంత ముందే ఎలా దొరికింది?"

"నెట్ రాలేదండీ," అన్నాడు.

ఆవిడ తలాడించి, దుప్పటి నలగకుండా మడత పెట్టి, ఆపరేషన్‌కి ఏ రోజు ఖాళీ ఉందో చూడసాగింది.