ప్రేయర్ మేడమ్ కూతురు

హాల్లో అత్తగారు "ప్రభువా" అని గొంతెత్తితే వంటింట్లో సంపూర్ణ పెనం పొయ్యి మీద పెట్టేది. ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన అంటే కుటుంబమంతా హాల్లో మోకరించడం, సంపూర్ణ వంటింట్లో చపాతీలు కాల్చడం. మధ్యమధ్యలో గట్టిగా ఆమెన్ అనాలి. అంటేనే వింటున్నట్టు లెక్క. ఒక్క ఆమెన్ తప్పిపోయిందా, అత్తగారు కళ్ళు తెరవకుండా ప్రార్థనలోనే చురక పెట్టేది. "లోకపు పనులల్ల పడి నిన్ను మరిసిన బిడ్డలను క్షమించు తండ్రీ!" బిడ్డలట! ఆ వంటింట్లో ఉన్నది ఒక్కతే. ప్రార్థన అయ్యాక అందరూ తినేది ఆ లోకపు పనుల్లో కాలిన చపాతీలనే.

అత్తగారి పేరు సమాధానమ్మ. పేరుకే అది, ఆమె ఉన్నచోట ఎవరికీ సమాధానం, అదే మనశ్శాంతి, ఉండేది కాదు. జహీరాబాదు దగ్గర తమ సంఘంలో స్త్రీల సమాజానికి పెద్దగా చేసి, కొడుకు లింగంపల్లిలో ఫ్లాటు కొన్నాక ఆ పెద్దరికాన్ని పెట్టెలో సర్దుకుని ఇక్కడికి వచ్చింది. ఇక్కడ ఏలడానికి సమాజం లేదు కాబట్టి కోడలూ, మనవరాలూ మిగిలారు.

ఆ పొద్దున ప్రార్థన ముగించి, రెండో తరగతి చదివే దీవెన గడ్డం పట్టుకుంది.

"చెప్పు బిడ్డా, బడిల ప్రార్థన చేసేటప్పుడు చేతులు ఏడ పెట్టాలె?"

"ఎనకకు, నానమ్మా."

"నోరు?"

"తెరవొద్దు."

"శబాష్. మన ఇంటి విశ్వాసానికి సాక్ష్యం నువ్వే. మీ అమ్మ సంగతి ఇడిసిపెట్టు, ఆమె పొట్ట కోసం పాడుతది."

టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్న సంపూర్ణకి ఆ మాట వినబడింది. వినబడాలనే అన్న మాట అది.

ఆమె పాడేది నిజమే. గోపన్‌పల్లి అవతల ఒక ప్రైవేటు బడిలో ఆమె తెలుగు టీచరు. చేరిన కొత్తలోనే ప్రిన్సిపాల్ రత్నమాల, "మీ చర్చి వాళ్ళ గొంతులు బావుంటాయండీ, చిన్నప్పట్నుంచీ పాడతారుగా! అసెంబ్లీ ప్రేయర్ మీరే తీసుకోండి" అంది. పొగడ్త వేషంలో వచ్చిన పని. దానికోసం ఒక్క పీరియడు తగ్గించింది లేదు, అందరికన్నా ముందు మాత్రం రావాలి. సరస్వతి శ్లోకం ఒక్కో పాదం మైకులో ఆమె అంటే పిల్లలు అందుకునేవారు. అలా ప్రేయర్ మేడమ్ అయిపోయింది. మొదట్లో పాపం చేస్తున్నట్టుండేది. పోనుపోను, జీతానికి ఇచ్చింది గొంతునే, మొక్కును కాదు అని తనకు తానే నచ్చజెప్పుకుంది. ఇంట్లోవాళ్ళూ సర్దుకున్నారు. ఎందుకు సర్దుకోరు? ఆ ఉద్యోగం వల్లే దీవెనకు అక్కడ ఫీజు లేదు, ఫ్లాటు లోను సాగుతోంది. ఆమె భర్త అజయ్ మాత్రం తక్కువ తిన్నాడా! హైటెక్ సిటీలో టీమ్ లీడ్ గారు, దసరాకి ఆఫీసు పూజలో కొబ్బరికాయ కొట్టింది ఆయనే. ఆ ఫోటో చూసి ఇదేమిటని సంపూర్ణ అడిగితే, "అది ఆఫీస్ కల్చర్. టీమ్ లీడ్ పక్కకు పోయి నిలబడితే ఎట్లుంటది?" అన్నాడు. తల్లి గొంతు జీతానికీ, తండ్రి చెయ్యి ప్రమోషనుకీ పోయాక, ఇంటిల్లిపాది విశ్వాసాన్నీ మోసే డ్యూటీ ఏడేళ్ళ పిల్ల మీద పడింది. నానమ్మకు ఎదురుచెప్పే ధైర్యం లేక సంపూర్ణ చూస్తూ ఊరుకుంది.

ఆ మధ్యాహ్నం రత్నమాల కబురుపెట్టింది. టేబులు మీది ఫోను సంపూర్ణ వైపు తిప్పింది. ఎవరో తండ్రి తీసిన వీడియో. వరసల్లో పిల్లలందరూ చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. మధ్యలో దీవెన ఒక్కతే చేతులు వెనక్కి కట్టుకుని, పెదవులు బిగించి, కళ్ళు తెరుచుకుని ఉంది. ఆ కళ్ళు స్టేజీ మీద పాడుతున్న తల్లినే చూస్తున్నాయి. మమ్మీ తప్పు చేస్తోందా, నేను చేస్తున్నానా అని అడుగుతున్నట్టే ఉన్నాయి. సంపూర్ణ ఫోను మీంచి చూపు తిప్పుకుంది.

"పేరెంట్స్ గ్రూపులో తిరుగుతోందండీ ఇది" అంది రత్నమాల. "ప్రేయర్ మేడమ్ కూతురికి ఏమిటీ స్పెషల్ అంటున్నారు. రేపు పాపను స్టేజీ మీద మీ పక్కన నిలబెట్టి మైకులో చెప్పించెయ్యండి. అక్కడితో సరి."

"చిన్నపిల్ల మేడమ్. ఎవరికీ అడ్డం లేదు, అల్లరి చెయ్యదు. అట్లా నిలబడితే తప్పేముంది?"

"మనసులో ఏమనుకుంటే మనకెందుకండీ? నోటితో అంటే చాలు. మీరు ఇన్నేళ్ళుగా పాడటం లేదూ? మీకేమైనా అయ్యిందా?"

ఏమైనా అయ్యిందా అని సంపూర్ణను ఇంతవరకు ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను అడగలేదు.

సాయంత్రం ఇంట్లో చెప్పింది. సమాధానమ్మ కుర్చీలోంచి లేచింది. "ప్రాణం పోయినా సరే, పిల్ల నోరు తెరవొద్దు!"

"ఎవరి ప్రాణం అత్తమ్మా?" అంది సంపూర్ణ. ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ వినబడలేదు.

అజయ్ లాప్‌టాప్‌లోంచి తలెత్తాడు. "రిజైన్ గిజైన్ అనకు. పాపతోని చెప్పియ్యకు. జర మేనేజ్ చెయ్యి."

"రెండూ ఎట్ల అయితయ్? నేను పాడొచ్చు గానీ అది పాడొద్దా?"

"నీది జాబ్. దానిది ఫెయిత్."

సంపూర్ణ వెళ్ళి సింకు ముందు నిలబడింది. నిజానికి ఆమెకు ప్రార్థన వచ్చేది అక్కడే, గిన్నెలు తోముతూ, ఎవరూ వినకుండా. అది తల్లి దగ్గర నేర్చుకున్న పద్ధతి. సదాశివపేటలో ఆమె తల్లి పెరట్లో బట్టలు ఉతుకుతూ పెదవులు కదిపేది. ఏం అడిగినవే అమ్మా అంటే, "నీకెందుకే? అది నాకూ ఆయనకూ నడుమ" అని కసురుకునేది. అంత చాటుగా దాచుకోవాల్సినదాన్ని ఈ ఇంట్లో కోడలి హాజరు పట్టీ చేశారు, ఆ బడిలో క్రమశిక్షణ చేశారు. ఒకళ్ళు నోరు తెరవమంటారు, ఒకళ్ళు మూసుకోమంటారు. నోరు పిల్లది కదా, దాన్నెవరైనా అడిగారా? సరే, నువ్వడిగావా? సంపూర్ణకి తన మీద తనకే రోత పుట్టింది. అందరూ కలిసి పిల్లను ముందుకు తోస్తుంటే, ఆ వెనకాల దాక్కున్నవాళ్ళలో తనూ ఉంది.

దీవెన వచ్చి వెనకనుంచి నడుము పట్టుకుంది. "మమ్మీ, నోరు తెరిస్తే యేసయ్య కొడ్తడా? తెరవకపోతే ప్రిన్సిపాల్ మేడమ్ కొడ్తదా?"

"ఎవ్వరూ కొట్టరు తల్లీ. రేపు సూద్దాం" అంది సంపూర్ణ. అంతకన్నా చేతకాలేదు ఆమెకు.

మర్నాడు అసెంబ్లీలో రత్నమాలే మైకులో దీవెన పేరు పిలిచింది. పిల్ల వరసలోంచి బయటికొచ్చి, బడంతా చూస్తుండగా మెట్లెక్కి తల్లి పక్కన నిలబడింది. చేతులు వెనక్కే ఉన్నాయి. సంపూర్ణ మొదటి పాదం పాడింది. అలవాటైన గొంతు కదా, దానంతటదే పాడింది. పాడి, మైకు పిల్ల నోటి దగ్గర పెట్టింది. అవును, ఆమే పెట్టింది, ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. దీవెన పెదవులు వణికాయి. మాట రాలేదు. స్పీకర్లలో ఎగశ్వాస వినిపించింది, ఆ తర్వాత సన్నటి ఏడుపు. పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సంపూర్ణ కిందికి చూసింది. పిల్ల తెల్ల సాక్సులు తడిసి, బూట్ల చుట్టూ మడుగు కట్టింది.

అయ్యో, నా తల్లీ!

సంపూర్ణ మైకు ఆపేసింది. చున్నీ తీసి పిల్ల నడుముకు చుట్టి, ఎత్తుకుని స్టేజీ దిగింది. "మేడమ్, ప్రేయర్ పూర్తి కాలేదండీ!" అని రత్నమాల వెనకనుంచి పిలుస్తూనే ఉంది. ఆయా బుచ్చమ్మ బకెట్టు పట్టుకుని ఎదురొచ్చి, "నువ్వు పిల్లను సూస్కో పో బిడ్డా, గిదంత నేను జూస్కుంట" అంది. ఆ రోజంతటికీ మనిషి మాట అదొక్కటే. మధ్యాహ్నానికల్లా రత్నమాల చెప్పేసింది. నెలాఖరు వరకు ఉండొచ్చు, ఆ తర్వాత వేరే చోటు చూసుకోండి, పాపకు కూడా.

అజయ్ ఆ సాయంత్రమంతా అరిచాడు. సమాధానమ్మకు మాత్రం పండగే. పిల్ల నోరు తెరవలేదు! తడిసిన సాక్సుల సంగతి పక్కన పెట్టి, ఫోనులో ఊరంతా సాక్ష్యం చాటింది. విన్నవాళ్ళు భేష్ అంటుంటే అజయ్ అరుపులు కూడా తగ్గాయి. ఆదివారానికి నానమ్మే పిల్లకు తెల్ల గౌను ఇస్త్రీ చేసింది, మాటలు కంఠతా పట్టించింది.

లింగంపల్లిలో ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో జరుగుతుంది వాళ్ళ ఆరాధన. పాస్టరు గారు చెయ్యెత్తి, "లోకం ముందు విశ్వాసం వదలని ఈ చిన్న బిడ్డ ముందుకొచ్చి సాక్ష్యం చెబుతుంది" అన్నారు. సంఘం చప్పట్లు కొట్టింది. నానమ్మ వీపు మీద చెయ్యి వేసి తోసింది. దీవెన వెళ్ళి నిలబడింది. ఎదురుగా మైకు. పిల్ల తల వంచి తన సాక్సులకేసి చూసుకుంది.

సంపూర్ణ లేచింది. సంఘంలో ఇంతమంది మధ్య నుంచి నడవడం ఆమెకు పెళ్ళిరోజు తర్వాత ఇదే మొదటిసారి. వెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"తల్లి కూడా సాక్ష్యం చెబుతుందా అమ్మా?" అన్నారు పాస్టరు గారు, సంతోషంగా.

"లేదయ్యగారూ. ఇది సాక్ష్యం కాదు. ఆరోజు నా బిడ్డ భయపడ్డది, అంతే. ఇప్పుడు గూడ భయపడుతుంది."

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళోకి చేరాయి. సమాధానమ్మ అక్కడే మోకరించి, కోడలి పేరు పెట్టి, బిగ్గరగా ఏడుస్తూ ప్రార్థన అందుకుంది. ఆ ఏడుపు వెంట తరుముతుంటే తల్లీకూతుళ్ళు మెట్లు దిగారు.

సగం మెట్ల మీద అజయ్ వచ్చి అడ్డం నిలబడ్డాడు. "ఏందిది? ఉద్యోగం పోగొట్టినవ్, ఊకున్న. ఇయ్యాల అందరి ముంగట, దేవుని సన్నిధిల నా పరువు తీసినవ్!"

సంపూర్ణ పిల్లను తన వెనక్కి జరుపుకుంది. "ఇగ దీవెనతోని ఎవ్వరూ ప్రార్థన చేయించొద్దు. బడిల గానీ, ఇంట్ల గానీ. దానికి చేయబుద్ధయితే అదే చేస్కుంటది. నీకు సమ్మతం కాకపోతే చెప్పు, ఇట్నుంచి ఇటే సదాశివపేట బస్సెక్కుత."

"నేను పరువు గురించి మాట్లాడుతున్న!"

"దేవుని ముంగట పరువెట్ల పోతది? పోయింది పైన కూసున్నోళ్ళ ముంగట" అంది సంపూర్ణ. "అంటే ఇన్నేండ్లు నువ్వు మొక్కింది వాళ్ళకే."