స్టాండ్ల మీద నిద్రపోయిన ఎర్ర బండి

ఇర్మా సాబో పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకుంటుంది. కప్పు పట్టుకుని గరాజులోకి వెళ్ళి, మడత కుర్చీ వాల్చుకుని ఎర్ర బండి పక్కన కూర్చుంటుంది. బండి మీద దుప్పటి. నాలుగు చక్రాలూ నేలకి జానెడు ఎత్తున, ఇనప స్టాండ్ల మీద. బ్యాటరీ తీసి బల్ల కింద పెట్టారు, ఎలకలు దూరకుండా పొగగొట్టంలో ఇనప పీచు కుక్కారు. కాఫీ వేడిగా ఉందో చల్లారిందో ఆవిడకి తెలీదు. తాగేస్తుంది, అంతే. మొన్న నాలిక కాలి బొబ్బెక్కితే ఆ సంగతి అద్దంలో చూసుకుని తెలుసుకుంది.

అమెరికాలోని టొలీడో ఊళ్ళో నదికి తూర్పున ఉన్న ఆ నాలుగు వీధుల్లో ఇది ఎవరికీ వింత కాదు. పాత బండి ఎవరి పేర ఉంటే, దానికొచ్చిన రోగం వాళ్ళకీ వస్తుంది. డాక్టరు నాలిక చాపమనే ముందు "రేడియేటరు ఎలా ఉంది?" అని అడుగుతాడు. మూలింటి మెక్లస్కీకి ఏటా వేసవిలో ఆయాసం. కార్బురేటరు విప్పి కడిగిస్తే మర్నాటికి లేచి తిరుగుతాడు. బ్రేకులు అరిగిపోయిన ఏడాది బేకరీ రోజ్‌మేరీ నోటికి ఆపు లేక ఊళ్ళో రహస్యమన్నది మిగల్లేదు.

ఎర్నీ సాబో ఆ బండిని తన ఇరవై రెండో ఏట, ఫ్యాక్టరీలో ఓవర్‌టైములు చేసి కొన్నాడు. యాభై ఏళ్ళు మేపాడు. మేపడమే మరి. గ్యాలను పెట్రోలు పోస్తే గట్టిగా పది మైళ్ళు పోదు. ఇంజను వెనక సీలు ఎన్నిసార్లు మార్చినా నూనె కారడం మానదు. కాళ్ళ కింద రేకు తుప్పు తినేస్తే రెండుసార్లు కొత్త రేకు అతికించాడు. హెడ్‌లైట్ల వైర్లు ఒకసారి, పెట్రోలు ట్యాంకు ఒకసారి. ఇన్సూరెన్సు సరేసరి.

"దీని మీద పోసింది నా మీద పోసుంటే నేనూ ఇలాగే మెరిసేదాన్ని" అనేది ఇర్మా.

"నువ్వు నూనె కారవు కదే, నీకెందుకు ఖర్చు" అనేవాడు ఎర్నీ.

ఆ ఊరి చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు తగిలితే పాత బండి రేకు బిస్కెట్టులా విరిగిపోతుంది. అందుకని నవంబరు రాగానే బళ్ళన్నీ స్టాండ్లెక్కి నిద్రపోతాయి, ఏప్రిల్లో దిగుతాయి. నిరుడు బండిని నిద్రపుచ్చిన మూడు వారాలకి ఎర్నీ పోయాడు. అది బండి వల్ల కాదు, నెత్తుటి జబ్బు. ఆ వేసవంతా బండి బ్రహ్మాండంగా నడిచింది. అదే ఇర్మాకి కడుపు మండించిన సంగతి, ఆవిడకింకా కడుపు మండే రోజుల్లో.

చావుకి వచ్చినవాళ్ళకి ఆవిడే కోడికూర వండి వడ్డించింది. పనులన్నీ తెమిలాక తీరిగ్గా ఏడవచ్చనుకుంది. డిసెంబరులో కాగితాలన్నీ వరసపెట్టి తన పేర మార్పిస్తూ బండి కాగితం కూడా కౌంటరులో పెట్టింది.

"బండి నిద్రలో ఉందా అమ్మా?" అని గుమాస్తా అడిగింది. "అయితే ఏప్రిల్లో రండి, తొందరేముంది?"

నిద్రలో ఉన్న బండిని తన పేర మార్పించుకోకూడదని, ఆ నిద్ర మనిషికి పట్టేస్తుందని ఆ వీధుల్లో పసిపిల్లకీ తెలుసు. ఇర్మాకీ తెలుసు. ఈ సంచీలో కాగితాలు ఇవాళతో అయిపోవాలన్న ధ్యాసలో సంతకం చేసేసింది. మెట్లు దిగుతుంటే కాళ్ళు నేలకి ఆనినట్టు అనిపించలేదు. ఆ రోజు నుంచి ఇంతే. ఆకలి లేదు, చలి లేదు, ఎర్నీ ఫోటో చూస్తే ఎవరో పక్కింటాయనలా ఉన్నాడు.

ఏప్రిల్లో అందరి బళ్ళూ దిగాయి, ఇర్మాది దిగలేదు. ఇండియానా నుంచి పాత బళ్ళు కొనే ఆల్‌బ్రెక్ట్ అనే ఆయన వచ్చి చూశాడు. మృదువైన మనిషి. ఆయన గోడౌన్లో ముప్పై ఒక్క బళ్ళున్నాయి, అన్నీ స్టాండ్ల మీదే, ఒక్కటీ నడపడు.

"నిద్రలోనే అమ్మండి, ఇంకో రెండు వేలు ఎక్కువిస్తాను" అన్నాడు. "మా తమ్ముడు పోయాడని ఫోనొచ్చినప్పుడు నేను శాండ్‌విచ్ తింటున్నాను. మొత్తం తినేశాను. ఏ ఇబ్బందీ ఉండదండీ."

శనివారం ట్రెయిలరు తెస్తానన్నాడు. ఇర్మా సరేనంది.

ఆ మాట విని మెకానిక్కు డొరీన్ చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఎర్నీ బండిని చూసేది ఆవిడే.

"మిస్ ఇర్మా, మీకేమైనా మతి పోయిందా? నిద్రలో ఉన్న బండిని అమ్మితే అమ్మినవాళ్ళు జన్మంతా అలాగే ఉండిపోతారు. ముందు లేపుదాం, తర్వాత కావాలంటే అమ్ముకోండి."

"లేపడానికి ఎంతవుతుంది?"

"నీళ్ళ పంపు, రబ్బరు గొట్టాలు, కార్బురేటరు, ఆ దిక్కుమాలిన సీలు... నాలుగు వేలనుకోండి."

"నాలుగు వేలు పోసి ఏడుపు కొనుక్కోమంటావు. నాకేం నొప్పి లేదే, డొరీన్."

"అదేనండీ నా బాధ" అంది డొరీన్.

శనివారం ఆల్‌బ్రెక్ట్ వచ్చాడు. బండి ట్రెయిలరు ఎక్కాక సంతకం అని మాట. డొరీన్ మొహం ముడుచుకునే జాకీ పెట్టి బండిని దింపింది. చక్రాలు నేలని తాకగానే ఇర్మాకి చెప్పుల్లోంచి సిమెంటు చల్లగా తగిలింది. ఒక కాలు ఎత్తి రెండో కాలి మీద పెట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు.

ఆల్‌బ్రెక్ట్ ముందు ఇరుసుకి తాడు కట్టి ట్రెయిలరు మీద తాడు చుట్టే మోటారు నొక్కాడు. బండి కదిలింది గానీ వెనక చక్రాలు తిరగలేదు. ఎద్దు మొరాయించినట్టు ఈడ్చుకుంటూ వచ్చి నేల మీద రెండు నల్లచారలు గీశాయి.

డొరీన్ తలుపు తీసి లోపలికి వంగి చూసింది.

"పార్కింగ్ బ్రేకు తొక్కి ఉంది."

"ఎర్నీ తొక్కడు" అంది ఇర్మా.

తొక్కడు. చలికాలానికి బండి పెట్టేటప్పుడు ఆ బ్రేకు తొక్కితే, తేమకి లోపలి పట్టీలు చక్రం డిప్పకి తుప్పుతో అతుక్కుపోతాయి. మెక్లస్కీ ఒక్కసారి తొక్కినందుకు ఎర్నీ పదేళ్ళు ఎగతాళి చేశాడు.

డొరీన్ బ్రేకు వదిలించింది. అయినా పట్టు వదల్లేదు. వెనక చక్రాలు రెండూ ఊడదీసి, సుత్తి తీసుకుని కుడివైపు డిప్ప చుట్టూ కొట్టడం మొదలెట్టింది. నాలుగు దెబ్బలకి తుప్పు పొడి రాలింది. ఇంకో దెబ్బకి డిప్ప టక్కున వదిలింది. ఇర్మా చెయ్యి తన భుజం మీదికి పోయింది.

అప్పుడు ఆ రోజు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ గుర్తులేక కాదు, తగల్లేదు. గరాజులో నేల కాస్త వెనక్కి ఏటవాలు. ఎర్నీ బండిని వెనక్కి జరిపి సరిచేస్తున్నాడు. చక్రానికి చెక్కముక్క పెట్టడానికి ఇర్మా బండి వెనక వంగింది. మందులతో ఎర్నీ కాళ్ళలో సత్తువ లేదు. బ్రేకు మీద కాలు వణికింది, బండి బెత్తెడు వెనక్కి జారి ఆవిడ భుజానికి తగిలింది.

"ఇర్మా, ఉన్నావా?" అని లోపల్నుంచి అరిచాడు. ఆ వెంటనే కిర్రుమని ఒక చప్పుడు. ఏమిటా చప్పుడని ఇర్మా అడగలేదు. చెక్కముక్క పెట్టి లేచి, "భోజనానికి రా" అంది. యాభై ఏళ్ళ నియమం తప్పి ఆ బ్రేకు తొక్కాడు. తర్వాత వదలడం మర్చిపోయాడు.

డొరీన్ ఎడమవైపు కొట్టింది. రెండో డిప్ప వదిలింది.

ఇర్మా కుర్చీ కోసం చెయ్యి చాపింది, అందలేదు, నేల మీదే కూలబడి ఏడ్చింది. ఐదు నెలల ఏడుపు. "నాకోసం తొక్కాడే, డొరీన్. చచ్చేవాడు నేనెక్కడ నలిగిపోతానో అని తొక్కాడే." డొరీన్ సుత్తి పక్కన పెట్టి ఆవిడ పక్కనే కూర్చుంది.

ఆల్‌బ్రెక్ట్ కాగితాలు పట్టుకుని దగ్గరికొచ్చాడు. "నొప్పిగా ఉందా అండీ?" అని మర్యాదగా అడిగాడు.

"చాలా" అంది ఇర్మా. "సంతకం పెట్టను."

ఆయన నొచ్చుకోలేదు. నొచ్చుకోవడం ఆయన వల్ల కాదు. తాడు విప్పుకుని, ఖాళీ ట్రెయిలరుతో వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి డొరీన్ చక్రాలు బిగించి, బ్యాటరీ పెట్టి, పొగగొట్టంలో పీచు లాగేసి, రేడియేటరు నింపింది. మూడోసారి తాళం తిప్పితే ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది. ఇర్మాకి దారుణంగా ఆకలేసింది. రొట్టె కొరికితే బొబ్బ చిట్లిన నాలిక భగ్గుమంది. అయినా వదల్లేదు.

బండి ముందు నేల మీద చుక్క చుక్కగా నీళ్ళు పడుతున్నాయి. ఇర్మా కళ్ళు తుడుచుకుంటోంది, మళ్ళీ నిండుతున్నాయి.

"నీళ్ళ పంపు సీలు పోయింది, మిస్ ఇర్మా. మార్చేదాకా మీకిలా ఆగదు" అంది డొరీన్. "సామాను వ్యానులోనే ఉంది. ఇప్పుడే వేసెయ్యనా?"

ఇర్మా ఆ నీళ్ళ చుక్కల వంక చూసింది.

"వచ్చే నెల వేద్దువుగానిలే" అంది. "అప్పటిదాకా రేడియేటరులో రోజూ రెండు సీసాల నీళ్ళు పోసుకుంటాను."