కుడి చెవిలో నీళ్ళ చప్పుడు

ఆసుపత్రిలో అత్తయ్య కాలిగోళ్ళు తీస్తున్నాను. ఇరవై ఏళ్ళుగా నా వంటకు వంకలు పెట్టిన మనిషి చిటికెనవేలు మన చేతికి దొరికినప్పుడు, దాన్ని నొప్పి తెలియకుండా పట్టుకోవాలంటే కాస్త నిగ్రహం కావాలి. నాకది ఉంది. కాలేజీలో నేర్పింది కాదు, కాపురంలో అబ్బింది.

ఈలోగా నర్సు వచ్చి, మందు ఎక్కించే ముందు అత్తయ్య జబ్బకున్న గొట్టం శుభ్రం చేయడానికి సిరంజితో ఉప్పునీళ్ళు పంపింది. అత్తయ్య ఉలిక్కిపడింది.

“అమ్మాయ్, చెవిలో నీళ్ళు పారుతున్నాయే!”

“ఏం లేదమ్మా, నీరసం” అన్నారు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

కీమో మందుల ఘాటుకు చేతి నరాలు తట్టుకోలేవని, నిన్న అత్తయ్య కుడి జబ్బలోంచి సన్నటి గొట్టం ఎక్కించారు. దాని కొస గుండెకు కాస్త పైన, పెద్ద రక్తనాళంలో ఉండాలి. ఎక్స్‌రే తీసి, అక్కడే ఉందన్నారు కూడా. ఆ తర్వాత అత్తయ్యకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మంచం పట్టీ పట్టుకుని మరీ దగ్గింది. వీపు రాసిన మనిషిగా ఆ సంగతి నాకు తెలుసు. మా ఆయనకు ఎక్స్‌రే సంగతి మాత్రమే తెలుసు.

“ఏం లేదు” అన్న మాట మా ఇంట్లో నాకు బాగా పరిచయం. ప్రసవమయ్యాక నడుం పట్టేసిందంటే ఆయన అదే అన్నారు. “మేం కనలేదా? ఇన్ని వేషాలు వేశామా?” అని అత్తయ్య దానికి తాళింపు పెట్టింది. అందుకే ఇవాళ ఆ మాట ఆవిడకు తగిలినప్పుడు, దాచడమెందుకు, లోపల ఓ మూల చిన్న సంతోషం కలిగింది. కానీ ఆవిడ మొహం చూస్తే అది నిలవలేదు. “పోనీలే, నాకే అలా అనిపించిందేమో” అంది మెల్లగా. ఆ మాట నాది! ఏళ్ళ తరబడి నేను వాడుకుంటున్న మాట. ఆవిడకు అప్పగించిన గుర్తు లేదు.

నర్సు మందు సంచీ తగిలించబోతోంది.

“సిస్టర్, ఆగండి. డాక్టరుగారు చూసేదాకా పెట్టొద్దు.”

“నిన్న ఎక్స్‌రేలో అంతా బాగుందన్నారుగా! నువ్వేమైనా డాక్టరువా?” అన్నారాయన.

“కాదండీ. చెవి కూడా నాది కాదు. ఆ మాటకొస్తే మీదీ కాదు.”

నర్సు నవ్వాపుకుంటూ సంచీ పక్కన పెట్టి డాక్టరుగారిని పిలిచింది. ఆవిడ వస్తూనే మా ఇద్దరినీ దాటుకుని అత్తయ్య మీదికి వంగింది.

“ఏ చెవిలో అమ్మా?”

తననే అడుగుతున్నారని తెలియడానికి అత్తయ్యకు ఓ క్షణం పట్టింది. “కుడి చెవిలో. నీళ్ళు వదలగానే గలగలమంది.”

మళ్ళీ ఎక్స్‌రే తీశారు. రెండు బొమ్మలూ తెర మీద పక్కపక్కనే పెట్టి డాక్టరుగారు చూపించింది. నిన్నటి దాంట్లో తెల్లటి గీత భుజం దాటి బుద్ధిగా కిందికి దిగింది. ఇవాళ్టి దాంట్లో అదే గీత మెడ మొదట్లో మలుపు తీసుకుని పైకి పోయింది.

“దగ్గినప్పుడు కొస ఎగిరి మెడ నరంలోకి వెళ్ళింది. అది చెవి పక్కనుంచే పోతుంది, అందుకే ఆవిడకు చప్పుడు వినిపించింది. ఇలాగే మందు పెట్టుంటే ఆ నరం దెబ్బతినేది, రక్తం గడ్డకట్టినా కట్టేది.”

“నిన్న బాగానే ఉంది కదండీ…” అన్నారు మా ఆయన.

“నిన్న బాగానే ఉంది” అని ఒప్పుకుంది డాక్టరుగారు, ఎంతో మర్యాదగా.

“మళ్ళీ కొత్తది వేయాలా?” అన్నాను.

“ముందు సులువైన పని చేసి చూద్దాం.”

అత్తయ్యను నిటారుగా కూర్చోబెట్టి, ఉప్పునీళ్ళు ఒక్క ఊపున లోపలికి కొట్టింది. ఆ తోపుకు కొస కిందికి వాలుతుందేమోనని ఆశ. “గలగల” అంది అత్తయ్య. ఇంకోసారి కొట్టింది. “ఇంకా గలగలే.” మళ్ళీ. అత్తయ్య కళ్ళు మూసుకుంది. నా వేళ్ళు ఆవిడ గుప్పిట్లో నలిగిపోతున్నాయి.

“ఆగిపోయింది!”

ఇంకో ఎక్స్‌రే తీశారు. గీత బుద్ధిగా కిందికి దిగి, కొస ఉండాల్సిన చోట ఉంది.

“నీరసమన్నావు కదరా!” అంది అత్తయ్య కొడుకుతో, ఈ మధ్యకాలంలో ఎన్నడూ లేనంత ఓపికగా.

“మందు మెల్లగా ఎక్కాలి, సాయంత్రమవుతుంది. పక్కన ఒకరు ఉండాలి. ఆవిడకు ఏమాత్రం తేడా అనిపించినా మాకు చెప్పాలి” అంది డాక్టరుగారు.

“మా ఆవిడ ఉంటుందండీ” అంటూ మా ఆయన లేచారు.

“దాన్ని అడిగావట్రా?” అంది అత్తయ్య.

ఈ ఇరవై ఏళ్ళలో ఆవిడ నా పక్షాన వేసిన మొదటి ప్రశ్న అది. దాన్ని వృథా పోనిస్తే నా అంత తెలివితక్కువది ఉండదు. నా సంచీ భుజానికి తగిలించుకున్నాను.

“మీరుండండి. నేను ఇంటికెళ్ళి పడుకుంటాను.”

“నాకేం తెలుసు? ఇక్కడ ఏం చేయాలి?”

“ఏం తెలియక్కర్లేదు. అత్తయ్య చెప్పింది చెప్పినట్టు నమ్మాలి. అంతే పని.”

అత్తయ్య అప్పుడే దిండు సర్దమని కొడుక్కి పురమాయిస్తోంది. నేను గుమ్మం దాటాను.

“మళ్ళీ ఎప్పుడొస్తావు?” అన్నారాయన వెనకనుంచి.

“లేచాక” అన్నాను.