చీటీలో అమ్మ జబ్బు

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. లోపలి గదిలో నులకమంచం మీద అమ్మ, వసారాలో దగ్గుతూ నాన్న, గడపలో నాయనమ్మ, పొయ్యిలోకి నిప్పు అడగడానికి వచ్చిన పక్కింటి మాబున్నీసా అత్త, కాగితం పట్టుకుని నేను.

నాన్న సున్నపు బట్టీలో కూలి. మందుకోసం నరసరావుపేట ఆసుపత్రికి బయలుదేరాడు. డాక్టరు ఎదట నోరు పెగలదని జబ్బంతా నా చేత చీటీ రాయిస్తున్నాడు.

"రాయమ్మా. రెణ్ణెల్లబట్టి దగ్గు. కళ్లెలో నెత్తుటి జీర. సున్నం బట్టీలో సగమే కాలతాంది, మిగతా సగం నా రొమ్ములోనేనని రాయి." నవ్వబోయి మళ్లీ దగ్గాడు. "మీ అమ్మది గూడా రాయి."

"కడుపునొప్పని రాయి. చాలు" అంది నాయనమ్మ.

అమ్మకు గర్భం పోయి ఇరవై రోజులైంది. నెత్తురు ఇంకా ఆగలేదు. గుడ్డలు ఉతికేది నేనే. నాన్నకు మాత్రం తెలియదు. అది మగవాళ్ల చెవిన వేసే మాట కాదట.

"మా చెల్లెలు ముంతాజ్ గూడా ఇట్టనే పోయిందే పిల్లా" అంది మాబున్నీసా అత్త మెల్లగా.

"నిప్పు చల్లారుద్ది, పోమ్మా" నాయనమ్మ కసిరింది.

చీటీ వంక చూసుకున్నాను. నాన్న దగ్గు నాలుగు వరుసలు వచ్చింది. అమ్మకు ఒక్క మాటేనా? ఉన్నదంతా రాసేశాను.

"ఏదీ, చదువు" అంది నాయనమ్మ.

"కడుపునొప్పి" అని చదివాను. ఇంట్లో అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే.

మధ్యాహ్నం నాన్న తిరిగొచ్చాడు. వెనక స్టేషనుకు పోయే ఎద్దులబండి. వాకిట్లోంచే అమ్మను కేకేశాడు.

"సుబ్బులూ! చీటీ చదివి డాక్టరు నన్ను తిట్టినాడే. ఈ పూట రైలుకి తీసకరాకపోతే మనిషి దక్కదన్నాడు. నాకెందుకు చెప్పలేదే?"

"మెల్లగా మాట్లాడరా, వీధంతా వింటన్నారు!" నాయనమ్మ నోరు కొట్టుకుంది. తర్వాత నావంక చూసింది.

నేను లోపలికి పరుగెత్తాను. నాలుగు రోజులుగా మంచం దిగని అమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. బయలుదేరుతోందనుకున్నాను.

"నువ్వా రాసింది?"

తల ఊపాను. "పోదాం రామ్మా. భయంగా ఉంది."

"అందరికీ తెలిసినాక ఏ మొగం పెట్టుకుని బండెక్కేదే?"

ఒక్కో అడుగే వేస్తూ నా దగ్గరకు వచ్చింది. అలికిన నేల మీద ఆమె వెంట ఎర్రటి చుక్కలు. నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. దానితోనే నన్ను గడప ఇవతలకు నెట్టి, తలుపు మూసి గడియ పెట్టుకుంది.