ఆదిశేషమ్మ అడిగిన గురుదక్షిణ

నా రాతలో తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, యాభై దాటిన వయసులో పలక పట్టినదాన్ని. ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తాను. అయినా ఈ సంగతి నలుగురికీ తెలియాలి.

1948లో ఉదయగిరిలో రామనారాయణ పెళ్లి. పొద్దున్నే అతని తల్లి శీనమ్మ, పెళ్లి మేళంలో ఆడే ఆదిశేషమ్మను పెరటి దారిన పిలిపించి నల్లపూసల పళ్లెం ముందుంచింది.

"నువ్వు గుచ్చితే మా కోడలి పసుపుకుంకాలు చల్లగుంటాయి. దేవుణ్ణి కట్టుకున్న మేళం మనిషికి మొగుడు పోయే పనే లేదు గదా!" అంది.

ఆదిశేషమ్మ గుచ్చింది. సాయంత్రం ఊరేగింపు వేళకు ఆమె చీలమండ వాచిపోయింది. "ఈ పూటకు వదిలేయండయ్యా, కాలు మోపలేకుండా ఉండాను" అని పెళ్లికొడుకునే వేడుకుంది.

"కాలే గదా, ఊడిపోదులే. ఆడేదాన్ని ఆడించక పూజ చెయ్యమంటావా?" అన్నాడు రామనారాయణ. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

ఊరంతా తిరిగేదాకా ఆడింది. ఆ కాలు మళ్లీ ఆటకు పనికిరాలేదు. పొద్దున శుభానికి కావలసిన మనిషి సాయంత్రానికి గొడ్డుకన్నా కడైపోయింది. ఇదేం న్యాయమో చదివేవాళ్లే ఆలోచించాలి. ఆ రామనారాయణను నలుగురిలో తల దించేలా చెయ్యాలని ఆమె పంతం పట్టింది.

ఆత్మకూరు చేరి, స్నేహితురాలు చాంద్‌బీ ఇంటి పక్కన కొట్టం అద్దెకు తీసుకుని మేళాలవాళ్ల ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. "ఆట నేర్చుకోండే, పెళ్లిళ్లకు మాత్రం పోబాకండి" అనేది. కూర్చున్నచోటి నుంచే కర్రతో తాళం వేస్తూ, అడుగులు చేతులతో చూపేది. అన్నం ముందు కూర్చుని కూడా "మోకాలు వంచవే!" అని అరిచేది.

పన్నెండేళ్ల తర్వాత రామనారాయణ తన కూతురు పెంచలమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. మద్రాసులో గొప్పింటి పిల్లలు నాట్యం నేర్చుకుంటున్నారని అతనికీ మోజు పుట్టింది. ఆదిశేషమ్మను గుర్తే పట్టలేదు. ఆడినవాళ్ల మొహాలు అతను ఏనాడు చూశాడు గనక!

"దొరికినాడే చాందూ! పిల్లకు తప్పులే నేర్పుతా. పెద్దోళ్ల ముందర కోతిగంతులేస్తే అందరూ నవ్వాల" అంది ఆదిశేషమ్మ.

"పిల్ల నిన్నేం చేసిందక్కా?"

"నా కాలు వాణ్ణేం చేసింది?"

అన్నట్టే మోకాళ్లు వంచనివ్వకుండా నేర్పింది. పెంచలమ్మ అదే నిజమని నమ్మి, ఎవరూ చెప్పకుండానే ఓ మూల నిలబడి ఆ తప్పునే సాధన చేసేది. నెల తిరక్కముందే ఆదిశేషమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఆపు! చూడలేక చస్తా ఉండా. వంచు మోకాలు!" అని కర్ర విసిరికొట్టింది. ఆ రోజు నుంచి ఉన్న విద్యంతా ధారపోసింది. పగ మాత్రం చల్లారలేదు. ఇంకో దారి వెతుక్కుంది.

మూడేళ్లకు రామనారాయణ ఇంటి ముందు పందిట్లో పెంచలమ్మ గజ్జెపూజ జరిగింది. పిల్ల ఆట చూసి తహసీల్దారే లేచి చప్పట్లు కొట్టాడు. ఇక తండ్రి తాంబూలం పళ్లెంతో గురువు ముందు నిలబడాలి. ఆ వేళ గురువు ఏది అడిగినా కాదనకూడదన్నది ఆనవాయితీ.

"ఏం కావాలో అడుగు ఆదిశేషమ్మా. పొలమా, బంగారమా?" అన్నాడు రామనారాయణ, అందరికీ వినపడేలా.

ఆమె పళ్లెం అందుకోలేదు. కుచ్చిళ్లు కాస్త ఎత్తి వంకరపోయిన చీలమండ చూపింది.

"తమరి పెళ్లిలో ఊడిపోదులే అన్నారే, ఆ కాలయ్యా ఇది. నేనడిగేదేందంటే, నా దగ్గరుండే మేళం పిల్లలకు ఇకమీదట తమరి కూతురు పాఠం చెప్పాల. నా కొట్టంలో కాదు, తమరి నట్టింట్లో. వాళ్లు వీధివాకిట్లో నుంచే వస్తారు."

రామనారాయణ మొహం నల్లబడింది. "అందరిలో నవ్వులపాలు చేస్తావా?" అని గొణిగాడు.

"ఆ పొద్దు నవ్వినోళ్లు ఈడనే ఉండారు గదా. నవ్వమనండి."

ఎవరూ నవ్వలేదు. పెంచలమ్మ వచ్చి గురువు పక్కన నిలబడింది. "నేను చెప్తా నాయనా" అంది. రామనారాయణ తల దించి "సరే" అన్నాడు.

ఆదిశేషమ్మ అతన్ని ఎన్నడూ క్షమించలేదు. ప్రతి శుక్రవారం పిల్లలతో బస్సెక్కి ఉదయగిరి వచ్చేది. వాళ్లను వరసగా లోపలికి పంపి తాను చివర వెళ్లేది. అరుగు మీద కూర్చున్న రామనారాయణ లేచి దారి ఇచ్చేదాకా మెట్టు దగ్గరే నిలబడేది. ఆట చూసి ముచ్చటపడే పెద్దలు ఆ ఆటను బతికించినవాళ్లకు వీధివాకిలి తియ్యాలి. తియ్యకపోతే వాళ్లే తీయించుకుంటారు, తీయించుకోవాలి కూడా.

మాలకొండమ్మ, అరవై రెండేళ్లు. ఇప్పుడు కలిగిరిలో ఉంటున్నాను.