జానెడు పడుగు

నీలం గుడ్డ మీద ఇంకా మడత కనిపిస్తోందని లోగనాథన్ మూడోసారి అన్నాడు. అతని భార్య తంగమ్మ పొయ్యి బొగ్గులు సర్దుకుంది. చెంబులో వేళ్ళు ముంచి నీళ్ళు చిలకరించి, ఇస్త్రీ పెట్టెను మళ్ళీ మొదటి అంచు నుంచి నడిపింది. అది కిటికీ తెరలకు లోపలివైపు వేసే పలచటి గుడ్డ. వేలూరు బజారులో తూకానికి అమ్మే ముక్కల్లోంచి అతనే ఏరి తెచ్చాడు. ఫొటోకు వచ్చినవాళ్ళతో మాత్రం అది ఇటలీ గుడ్డ అని చెబుతాడు. ఇటలీ ఎక్కడుందో చెప్పేవాడికీ తెలియదు, వినేవాళ్ళకూ తెలియదు కాబట్టి ఆ అబద్ధం పద్నాలుగేళ్ళుగా హాయిగా బతుకుతోంది.

గుడియాత్తంలో ఆ వీధి పొడుగునా మగ్గాలు ఆడుతుంటాయి, లోగనాథన్ ఇంట్లో తప్ప. అతని ముందుగదిలో పాత మగ్గం కింది గుంట మీద పలకలు పరిచి, పలకల మీద చాప వేసి, చాప మీద స్టూలు పెట్టారు. ఎవరైనా దాని మీద కూర్చుంటే కింద బోలుగా మోగుతుంది. పైన దూలానికి రెండు కొక్కేలు, వాటికి తాళ్ళు, తాళ్ళకు వెదురు బొంగు, బొంగుకు గుడ్డ. పాస్‌పోర్టుకు తెలుపు, ఉద్యోగానికి నీలం, పెళ్ళిసంబంధానికి నలుపు. స్టూడియో అంటే అంతే. అయినా లోగనాథన్ ఇంట్లో కూడా బూట్లు విప్పడు. నేసేవాళ్ళు ఉత్తకాళ్ళతో మగ్గం తొక్కుతారు. తను ఆ జాతి కాదని ఆయన పాదాలు లోకానికి చాటాలి కదా మరి!

నిజానికి ఆయన ఆ జాతే. తాతా నేశాడు, తండ్రీ నేశాడు. ఈయనా నేశాడు గానీ, లుంగీ తీసి పరిస్తే అంచు ఒకచోట బిగిసి, ఒకచోట వదులై పాము పాకినట్టు ఉండేది. షావుకారు రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి పంపకముందే లోగనాథన్‌కు నేత మీద అసహ్యం పుట్టుకొచ్చింది. వేలూరులో ఒక స్టూడియోలో మూడు నెలలు లైట్లు మోసి, పాత కెమెరా ఒకటి కొనుక్కుని తిరిగొచ్చాడు. అప్పటినుంచి వీధిలో వాళ్ళందరూ ఆయనకు నూలు పురుగులు. యాభై ఆరేళ్ళు వచ్చాయి. జుట్టుకు రంగు, మెడలో కెమెరా, మొహంలో ఎప్పుడూ ఏదో కుళ్ళు వాసన తగిలినట్టు ఒక ముడత. ఎదురుగా కూర్చున్న ప్రతి మొహాన్నీ ఆ ముడతతోనే చూస్తాడు.

"మజ్జానం ధనపాల్ వస్తాడు," అంది తంగమ్మ పెట్టె కింద పెట్టి. ధనపాల్ ఆమె తమ్ముడు, విరించిపురంలో ఉంటాడు. "అటక మింద ఉండే అచ్చు ఎత్తుకొని పోవాల. వాళ్ళింట్లో ఒక మగ్గం ఊరికే ఉండాది. ఈ పొద్దు కొత్త పడుగు అతికేస్తే రేపట్నుంచి నేస్తాను."

"రోజూ విరించిపురమా? ఈడ గుడ్డలెవరు చూస్తారు?"

"తెల్లారేలోపల అన్నీ ఇస్త్రీ చేసిపెట్టే పోతాను. మాపటికి వచ్చేస్తాను."

"ఆ కుళ్ళు దారాలనా అతికేది? ఎలకలు గూడా ముట్టలేదే వాటిని!" అని లోగనాథన్ నవ్వాడు. వద్దని మాత్రం అనలేదు. అంత లెక్క చెయ్యదగ్గ విషయంగా ఆయనకు తోచలేదు.

అచ్చు అంటే మగ్గానికి దువ్వెన లాంటిది. ఒక్కో పంటి సందులోంచి పడుగు, అంటే బట్ట నిలువు దారాలు, దూరి వస్తాయి. బట్ట నేయడం పూర్తయినా నేతగాళ్ళు పడుగును మొత్తం లాగెయ్యరు. అచ్చు వెనక జానెడు పొడుగు వదిలి కోస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఆ కొసలకే ఒక్కో దారం అతికి లాగితే, ఒక్క పూటలో మగ్గం సిద్ధమవుతుంది. ఆ జానెడూ పోతే రెండు వేల దారాలనూ వరస తప్పకుండా మొదట్నుంచీ దూర్చుకోవాలి. తంగమ్మ దాచుకున్న అచ్చుకు దారాలు దూర్చింది ఆమె తల్లి. నాలుగు రంగుల గళ్ళ లుంగీ అది. ఆ వరస తల్లి తలలో ఉండేది, ఇప్పుడు ఆ తల్లీ లేదు. పద్నాలుగేళ్ళ కిందట మగ్గాన్ని వడ్రంగికి అమ్మేసిన రోజు తంగమ్మ ఏడవలేదు. "మగ్గం పోనీ, ఆ పడుగు తెంచొద్దు" అని మాత్రం అంది. పాత చీరలో చుట్టి అటక మీద పెట్టుకుంది. ఏటా ఆయుధపూజకు లోగనాథన్ కెమెరాకు దండ వేస్తే, ఆమె అటక దగ్గర నిలబడి అచ్చుకు కుంకుమ పెట్టేది.

పొద్దున్నే మొదట వచ్చినవాడు చిన్నమణి. పక్క వీధి ముసలి నేతగాడు, పింఛను కాగితానికి ఫొటో కావాలి. స్టూలు మీద కూర్చోమంటే వెనక్కి పోయి గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇట్లొచ్చి కూర్చో పెద్దాయనా!"

"మిల్లు గుడ్డ గదప్పా ఇది. పేక పల్చన. గంజి మటుకు మంచి చెయ్యి పెట్టినట్టుండాది."

"ఇటలీది," అన్నాడు లోగనాథన్.

"ఆవూళ్ళో నెయ్యడం రాదు పో," అన్నాడు చిన్నమణి. వాకిలి దగ్గర తంగమ్మ కొంగుతో నోరు మూసుకుంది. వీధిలో వాళ్ళెవరు వచ్చినా ఇంతే. కెమెరాకు వీపు చూపించి గుడ్డ తడుముతారు. లోగనాథన్‌కు ఒళ్ళు మండుతుంది. ఆ గంజి గురించి ఆయన ఏనాడూ ఆలోచించలేదు. ఫొటోలో మడతలు కనిపించకపోవడం తన లెన్సు గొప్పతనమని నమ్ముతాడు. మనిషిని గుడ్డకు నాలుగడుగులు ముందు కూర్చోబెట్టడం వేలూరులో నేర్చుకున్న ఏకైక రహస్యం. దానితోనే ఇంతకాలం నెట్టుకొచ్చాడు.

పదకొండు దాటాక వైష్ణవి వచ్చింది. అణైకట్ దగ్గర పల్లెటూరి పిల్ల, సంబంధాలవాళ్ళకు పంపే ఫొటో కావాలి. తంగమ్మ నీళ్ళకు కొళాయి దగ్గరికి పోయి ఉంది. లోగనాథన్ నల్ల వెల్వెట్ బొంగుకు వేసి ఎత్తగానే, పాత తాళ్ళు రెండూ బరువుకు పుటుక్కుమన్నాయి. గుడ్డ కుప్పగా చాప మీద పడింది.

"అన్నా, సీక్రం. పన్నెండు గంటల బస్సు పోతే మళ్ళ రెండింటికే."

లోగనాథన్ వంటింట్లో చూశాడు, మంచం కింద చూశాడు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన ఇంట్లో తాడు ఎక్కడుంటుందో ఆ మహానుభావుడికి తెలియదు. తల పైకెత్తితే అటక కనిపించింది. బూట్లతోనే స్టూలెక్కి చీర మూట కిందికి లాగాడు. ఎరుపు, నీలం, తెలుపు, ఆకుపచ్చ కొసలు గుత్తిగా జారాయి. పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే కత్తెర చేతిలోనే ఉంది.

తెలియక చేశాడనడానికి వీల్లేదు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని అలాంటి కొసలు వేలకొద్దీ అతికినవాడే. వరస తప్పినప్పుడల్లా మొట్టికాయలు తిన్నవాడే. కత్తెర పెట్టేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగింది కూడా. అయినా కోశాడు. గుప్పెడు గుప్పెడుగా పేని, కొసకు కొస ముడేసి తాళ్ళు చేశాడు. బొంగు నిలిచింది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

"బలే రంగులుండాయే తాళ్ళు!" అంది వైష్ణవి.

"డిజైన్," అన్నాడు లోగనాథన్.

తంగమ్మ బిందెతో వాకిట్లోకి వచ్చి ఆగింది. బొంగు వైపు చూసింది, కింద తెరిచి పడున్న చీర వైపు చూసింది. "ఆ తెల్లట్ట పట్టుకో, పాపకు టైమయిపోతా ఉండాది," అన్నాడు మొగుడు. ఆమె బిందె దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, తెల్లట్ట పట్టుకుని కూర్చుంది. వెలుగు వైష్ణవి చెంప మీద సరిగ్గా పడేదాకా అట్టను వంచింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. పిల్ల సంతోషంగా బస్సుకు పరిగెత్తింది.

అప్పుడంది తంగమ్మ. "తాడు ఎనక తలుపు మేకుకు ఉండాది."

"నాకెట్ల తెలుస్తాది?"

"ముప్పై ఏండ్లుగా ఆడే ఉండాది."

అచ్చును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. కత్తెర తగలని దారాలు కూడా లాగిన ఊపుకు సందుల్లోంచి జారిపోయాయి. వేలితో ఒక్కో రంగూ తడుముతూ సగందాకా వెళ్ళి ఆగిపోయింది. లోగనాథన్‌కు విసుగొచ్చింది.

"నాలుగు దారాలకి ఏందే ఈ మొగం? మళ్ళ దూర్చుకో. నీకు వేరే పనేముండాది!"

ఆమె అచ్చును గోడకు ఆనించి పెట్టింది. ఆయనకు అన్నం వడ్డించింది. ఆయన తిని పడుకున్నాక తెల్ల గుడ్డ, నీలం గుడ్డ, నల్ల వెల్వెట్ మూడూ ఇస్త్రీ చేసి, అంచుకు అంచు కలిపి మడిచి, పీట మీద వరసగా పేర్చింది. గంజి గిన్నె కడిగి బోర్లించింది. లేచి చూసిన లోగనాథన్, గొడవ అక్కడితో తీరిపోయిందనుకున్నాడు. ఆడదాని అలక ఒక పూటకన్నా ఎక్కువ ఉండదని ఆయన ఎరిగిన సంసార జ్ఞానం.

నాలుగింటికి ధనపాల్ మోపెడ్ మీద వచ్చాడు.

"అక్కా, అచ్చు యాడ?"

"అది పనికిరాదురా. నేనే వస్తాను. కొత్త అచ్చుకు మొదట్నుంచి దూర్చుకుందాం."

ధనపాల్ గోడ వైపు చూశాడు. బావ వైపు చూశాడు. "రెండు వేల దారాలక్కా. అమ్మ వరస మనకెవరికి తెలుసు?"

"తెలిసిందాకా దూరుస్తాను. నాకు వేరే పనేముండాది."

చిన్న గుడ్డసంచి పట్టుకుని చెప్పులు వేసుకుంది. లోగనాథన్ ఫోనులో వైష్ణవి మొహం మీది మచ్చలు చెరుపుతున్నాడు. తల ఎత్తకుండానే, "మాపటికి ఏం చేసినావు?" అని అడిగాడు.

"అన్నం కుండలో ఉండాది. రేపటికి నువ్వే వండుకో."

"ఎల్లుండికి వస్తావు గదా?"

మోపెడ్ మలుపు తిరిగింది. ఇంకో రెండు మచ్చలు చెరిపాక గానీ ఆయన తల ఎత్తలేదు.

అయిదింటికి ఒక కాలేజీ కుర్రాడు పాస్‌పోర్టు ఫొటోకు వచ్చాడు. లోగనాథన్ తెల్ల గుడ్డ విప్పి, తడబడి, నేల మీద ఈడ్చి, బొంగుకు వేశాడు. గుడ్డ ఒక పక్కకు ఒరిగింది, నడిమధ్య పెద్ద మడత పడింది. నీళ్ళు చల్లాడు. మడత పోలేదు, మరక పడింది. కుర్రాడు వెనక్కి తిరిగి చూసి, "ఇంకో స్టూడియో యాడుండాదన్నా?" అని అడిగాడు. లోగనాథన్ అలవాటు కొద్దీ, "ఏమే!" అని లోపలికి కేకేశాడు. పక్కింటి మగ్గం ఆడుతూనే ఉంది.

కుర్రాడు వెళ్ళిపోయాక, ఎన్నో ఏళ్ళకు మొదటిసారి బూట్లు విప్పి స్టూలు మీద కూర్చున్నాడు. కింద గుంట బోలుగా మోగింది. ఎదురుగా గోడకు ఆనించిన అచ్చు మీద కిందటి ఆయుధపూజ కుంకుమ ఇంకా చెరగలేదు, పళ్ళ సందుల్లో అక్కడక్కడా ఎర్రదారం, నీలందారం, వేలెడు పొడుగున.