తొమ్మిదికి కిందికి దిగని గొంతు

అరబ్బు దేశంలో, అర్దియా పేటలోని ఆ వర్క్‌షాపు తలుపు తియ్యగానే ఈశ్వరయ్య మొదట ఏసీ వేస్తాడు, తర్వాత టీకి నీళ్ళు పెడతాడు, ఆ తర్వాతే బల్ల మీది బోర్డులకు కరెంటిస్తాడు. కరెంటు తగలగానే చిప్పులు మాటలు మొదలుపెడతాయి. ఎవరు టంకం పెడితే వాళ్ళ గొంతే వస్తుంది కాబట్టి, పొద్దున్నే ఆ గదినిండా ఈశ్వరయ్య గొంతులే, రాయచోటి యాసలో. "రోంత కరెంటు ఈయండన్నా" అని ఒకటి, "మాకు చాల్లేన్నా" అని ఇంకొకటి. పక్కన ఫోన్లు బాగుచేసే ముబీన్‌కి దీనిమీద ఒకటే ఫిర్యాదు. "జర మెల్లగ మాట్లాడమనుండ్రి భాయ్, గిరాకీల మాట ఇనస్తలేదు."

చిప్పు మనిషిని ఏదైనా అడిగితే మాత్రం సరే అనో, కుదరదు అనో, ఆగు అనో చెప్పి తీరాలి. చెప్పకపోతే అది అలుగుతుంది, బల్ల మొత్తానికి కరెంటు పోతుంది. ఓనరు వాసుదేవరావు కూడా ఫోన్లో ఎవరితో ఉన్నా సరే, తల తిప్పి దానికి జవాబు చెప్పాకే మిగతా మాట.

ఆ రోజు తేలాల్సింది ఒక్క చిప్పు సంగతి. ఎండలో పనిచేసేవాళ్ళ కోసం, ఒంటిచుట్టూ చల్లనీళ్ళు తిప్పే చొక్కా తయారవుతోంది. దాని బ్యాటరీకి టైప్-సి చార్జింగు. ఎన్ని వోల్టులు కావాలో చార్జర్‌ని అడిగి తెచ్చుకునే చిప్పు ఏది పెట్టాలి? వాసుదేవరావు చవకది ఎంచారు. తన లాప్‌టాప్ చార్జరు గుచ్చితే "పదహైదు ఈయండన్నా" అంది చిప్పు. వచ్చేశాయి.

"అయిపోయింది కదమ్మా శ్రీలేఖా. సాయంత్రానికి ఆర్డర్ పెట్టెయ్" అన్నారు.

"అమ్ఘరాలో లాప్‌టాప్ చార్జర్ ఎవరి దగ్గరుంది సార్?" అంది ఆ చొక్కా డిజైన్ చేస్తున్న ఇంజినీరు శ్రీలేఖ.

ఈశ్వరయ్య బామ్మర్ది బాలసుబ్బయ్య అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో పనిచేస్తాడు. పోయినేడాది ఎండకు రెండుసార్లు పడిపోయాడు. ఇంకోసారి పడితే ఇంటికి పంపించేస్తామని కంపెనీ చెప్పేసింది. మొదటి చొక్కాలు వెళ్ళేది అక్కడి కూలీలుండే క్యాంపుకే. శుక్రవారం అతని ఫోన్ చార్జర్ శ్రీలేఖే వెళ్ళి అడిగి తెచ్చుకుంది. ఇప్పుడు దాన్నే గుచ్చింది.

"పదహైదు ఈయండన్నా" అంది చిప్పు. ఆ చార్జరు ఇవ్వగలిగింది తొమ్మిది. చిప్పు మళ్ళీ నోరెత్తలేదు. మీటరు, ఏమీ అడక్కపోయినా ఏ చార్జరైనా ఇచ్చే అయిదు దగ్గరే ఆగిపోయింది. బ్యాటరీకి చుక్క ఎక్కలేదు.

ఈశ్వరయ్య తల గోక్కున్నాడు. "దానికి ఒక్కసారి అడగడమే తెలుసు మేడం. లేదంటే మూలకు కూచుంటాది, నా మాదిరి."

"లేబర్ వాళ్ళు ఇంకో చార్జర్ కొనుక్కుంటారులే" అన్నారు వాసుదేవరావు.

"కొనుక్కోరు సార్. చొక్కాని మేకుకి తగిలించి, అది లేకుండానే ఎండలోకి పోతారు. అప్పుడు మనం తయారుచేసింది చొక్కా కాదు, ఫోటోలకి పనికొచ్చే బట్ట."

"కాలేజీ డిబేట్ అనుకుంటున్నావా? నా మాట కాదంటే రిలీజ్ కాగితం ఇచ్చేస్తా, వేరే కంపెనీ చూసుకో. ఖలాస్."

"ఇవ్వండి. ఆ కాగితం తీసుకుంటూ కూడా ఇదే చెప్తాను."

చెప్పి, ఈశ్వరయ్య చేతిలోంచి టంకం కర్ర తీసుకుంది. రెండో రకం చిప్పుని తనే అతికించింది. అది మెట్టు మెట్టుగా దిగి అడిగే రకం, ఎక్కడ ఆగాలో కూడా ముందే చెప్పిపెట్టొచ్చు. తొమ్మిది దగ్గర ఆపింది. అంతకంటే తక్కువైతే ఆ బ్యాటరీకి దండగ.

బాలసుబ్బయ్య చార్జర్ గుచ్చగానే శ్రీలేఖ గొంతు గదిలో ఖంగున మోగింది. "పదిహేను ఇస్తావా? లేదా? పన్నెండు? అదీ లేదా? అయితే తొమ్మిది. దానికి కిందికి దిగను."

మీటరు తొమ్మిదికెక్కింది. బ్యాటరీ చార్జవడం మొదలైంది.

"బాగుంది, చూశాం. కానీ ఆర్డర్ మాత్రం చవకదానికే" అన్నారు వాసుదేవరావు.

చిప్పు ఆయనవైపు తిరిగినట్టే అడిగింది. "సార్, అన్ని చొక్కాలకీ పెద్ద చార్జర్లు ఇస్తారా?"

"కుదరదు" అన్నారాయన, అలవాటుగా.

"అమ్ఘరా క్యాంపుకైనా ఇస్తారా?"

"కుదరదు."

"అయితే చిప్పు మార్చండి. దీనికి కిందికి దిగను."

ఆయన శ్రీలేఖ వంక ఉరిమి చూశారు. "నువ్వే కదా అనిపిస్తున్నావు?"

"నేను నోరు తెరవలేదు సార్. గొంతు నాదే, కాదనను."

"ఆగు" అన్నారు చిప్పుతో.

ఆగింది. ఆయన కుర్చీలో కూర్చోగానే మళ్ళీ అడిగింది. ఆగు అన్నారు. కొత్తిమీర తెమ్మని ఇంటినుంచి ఫోనొస్తే మధ్యలో అడిగింది. విసుగెత్తి కేబుల్ పీకేశారు. కానీ బ్యాటరీలో అప్పటికే తొమ్మిది వోల్టులతో సంపాదించుకున్న బలం ఉంది. "చిప్పు మార్చండి సార్" అంది అదే గొంతు.

ఆయన బ్యాటరీ వైరు మీదికి చెయ్యి చాపారు. ఆ చేతికీ బోర్డుకీ మధ్య ఈశ్వరయ్య అరచెయ్యి వచ్చి పడింది. ఏడేళ్ళుగా ఆ కొట్లో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి.

"అడగనీండి సార్" అన్నాడు నేల చూస్తూనే. చెయ్యి మాత్రం తియ్యలేదు.

వాసుదేవరావు ఆ అరచేతినీ, తొమ్మిది చూపించిన మీటరునీ మార్చి మార్చి చూశారు. ఆఖరికి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"సరే" అన్నారు.

చిప్పు నోరు మూసుకుంది. శ్రీలేఖ ఆర్డర్ మార్చింది. రిలీజ్ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, ఆమె కూడా గుర్తు చెయ్యలేదు.

ఆ జూలైలో అమ్ఘరా క్యాంపులో మంచానికో చొక్కా వేలాడింది. చిప్పులన్నీ తనే అతికించింది కాబట్టి అన్నిట్లోనూ శ్రీలేఖ గొంతే. ఎండాకాలం మధ్యాహ్నం నాలుగు దాకా బయట పని చేయించకూడదని అక్కడి చట్టం; ఆ గంటల్లోనే ఫోర్‌మన్ తలుపు తోసుకొచ్చి "యల్లా, బాలా, చలో" అన్నాడు. బాలసుబ్బయ్య లేవబోయాడు.

"నిండలేదు. ఆగు" అంది మేకుకున్న చొక్కా.

ఎవరికోసమూ ఎన్నడూ ఆగని ఫోర్‌మన్ గడపలో నిలబడ్డాడు. చెమట తుడుచుకుంటూ, ఎంతసేపు పడుతుందని చొక్కానే అడిగాడు.

"నాలుగు దాటనీ" అంది చొక్కా.

బాలసుబ్బయ్య మళ్ళీ పడుకుని, గోడవైపు తిరిగాడు.